మేస్త్రీ గారి బొటనవేలు

కొలత అనగానే ఎవరికైనా టేపో స్కేలో గుర్తొస్తుంది. మేస్త్రీ గారికి మాత్రం తన కుడిచేతి బొటనవేలు గుర్తొస్తుంది. దాన్ని ఆయన చూసుకునే మురిపెం చూస్తే, మిగతా తొమ్మిది వేళ్లూ దానికి చాకిరీ చెయ్యడానికే పుట్టాయేమో అనిపిస్తుంది.

ఆయన పని ఇంజన్ హెడ్డుల మీద. హెడ్డు అంటే ఇంజన్ నెత్తిన మూతలా కూర్చునే అల్యూమినియం దిమ్మ. ఇంజన్ ఊపిరి పీల్చడం, వదలడం అంతా దానిలోంచే. గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోయే సొరంగం పేరు పోర్టు. ఆ సొరంగం చివర తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే తలుపు పేరు వాల్వు. తయారుచేసినవాళ్లు హెడ్డుని పోత పోసి వదిలేస్తారు. లోపల గరుకులూ గతుకులూ అలాగే ఉండిపోతాయి. వాటిని అరగదీసి, దారి కాస్త వెడల్పు చేసి, తలుపు కాస్త పెద్దది పెడితే, అదే ఇంజన్ అంతకు ముందెన్నడూ లాగనంత బరువు లాగుతుంది. నలభై ఏళ్లుగా మేస్త్రీ గారు చేస్తున్నది ఇదే.

పద్ధతి ఆయన గురువు నేర్పింది. బొటనవేలికి ఒక్క చుట్టు ఫ్లానెల్ గుడ్డ చుట్టాలి, పోర్టులో దూర్చాలి, తిప్పాలి. ఎక్కడా పట్టుకోకుండా తిరిగితే గ్రైండరు ఆపెయ్యాలి. ఆ తర్వాత పాలిషు. లోపల తన మీసం కనపడేదాకా మేస్త్రీ గారు పాలిషు ఆపరు. కనపడ్డాక అందులో చూసుకుంటూ మీసం ఒకసారి దువ్వుకుని, హెడ్డు వెనక పంచ్‌తో చిన్న సున్నా గుర్తు కొడతారు. ఆ గుర్తుంటే చాలు, డ్రైవర్లు కళ్లు మూసుకుని హెడ్డు పట్టుకుపోతారు.

షెడ్డులో రెండు బల్లలు. కిటికీ వైపుది మేస్త్రీ గారిది, తలుపు వైపుది కూతురిది. కూతురికి ముప్పై రెండేళ్లు. పన్నెండేళ్లుగా వాల్వు సీట్లు కోస్తోంది. సీటంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే గుండ్రటి అంచు. దాన్ని ఒకే వాలులో కోసేసినా బండి నడుస్తుంది, కానీ ఆవిడ ఓపిగ్గా మూడు వాలుల్లో కోస్తుంది, గాలి ఎక్కడా తట్టుకోకుండా జారిపోవాలని. ఆవిడ ఏప్రను జేబులో ఎప్పుడూ కొలతలకి ఒక వెర్నియర్ ఉంటుంది. వెంట్రుక మందం తేడా ఉన్నా అది పట్టేస్తుంది.

"పడుకునేటప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకుంటావా అమ్మలూ?" అని మేస్త్రీ గారు వారానికోసారైనా ఏడిపిస్తారు.

"నువ్వు నీ వేలు తీసి పక్కన పెట్టి పడుకుంటున్నావా నాన్నా?" అంటుంది కూతురు.

పోర్టులు నాన్నవి, వాల్వులు కూతురివి. ఒకరి బల్ల మీదికి ఒకరు పోరు. ఎవరూ నోటితో అనుకున్నది కాదు, పన్నెండేళ్లలో అలా కుదిరిపోయింది.

ఇక బావమరిది. మేస్త్రీ గారి భార్యకి ఒక్కడే తమ్ముడు. బేకరీ నడుపుతాడు. మనిషి కూడా తను కాల్చే రొట్టెలాగే గుండ్రంగా, ఉబ్బుగా, ఎప్పుడు ముట్టుకున్నా వేడిగా ఉంటాడు. కొండ మీది ఆసుపత్రికి రోజూ పొద్దున్నే రొట్టెలు పంపేది అతనే. బేకరీలో సగం పిండి ఆ ఒక్క ఆసుపత్రి కోసమే తడుస్తుంది. వచ్చిన చిక్కల్లా వ్యానుతో. కొండ దారి రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి దానికి ఆయాసం వస్తోంది. ఆగి, చల్లబడి, మళ్లీ బయల్దేరేసరికి ఏడు గంటలకి చేరాల్సిన రొట్టెలు ఏడున్నరకి చేరుతున్నాయి. చివరికి ఆసుపత్రి వంటశాల పెద్దావిడ ఒకే మాట చెప్పింది. సోమవారం ఏడు గంటలకి రొట్టెలు వేడివేడిగా ఆవిడ బల్ల మీద ఉండాలి. లేకపోతే మంగళవారం నుంచి వేరే బేకరీ.

ఆ మాట విన్న రోజే బావమరిది వ్యాను తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు.

"బావా, ఈ ఆర్డరు పోయిందంటే నేను బేకరీకి తాళం వేసి వచ్చి మా అక్క ఇంట్లో మూల గదిలో పడుకోవాల్సిందే. తర్వాత నీ ఇష్టం."

"మూల గదిలో నా పాత గాస్కెట్లు ఉన్నాయిరా."

"అదే కదా నా భయం. గాస్కెట్ల మీద నాకు నిద్ర పట్టదు."

మేస్త్రీ గారు మీసం దువ్వుకున్నారు. "మూడో గేరులో ఎక్కిస్తా చూడు. రెండో మలుపు దగ్గర బండి ఆగిందా, ఈ బొటనవేలు కోసి నీ బల్ల మీద పెడతా."

"నాకెందుకు బావా అది, రొట్టెల్లో పెట్టడానికి నా దగ్గర వేరే సరుకుంది," అన్నాడు బావమరిది. అన్నాడే గానీ, ఇంటికి మాత్రం ధీమాగా వెళ్లాడు. బావ మాట మీద అతనికి అంత గురి.

నాలుగు రోజులు పని సాగింది. అన్నాళ్లూ రొట్టెలు అద్దె బండిలో కొండెక్కాయి, లాభమంతా బాడుగకే పోయింది. కూతురు లోపలికి పీల్చే వాల్వులు ఒకటిన్నర మిల్లీమీటరు పెద్దవి తెప్పించి, వాటికి తగ్గట్టు సీట్లు కోసింది. మేస్త్రీ గారు పోర్టులు పట్టుకున్నారు. ఈసారి ఎంత అరగదీసినా వేలు ఓ పట్టాన తిరగలేదు. గుడ్డ చుట్టి దూర్చిన ప్రతిసారీ కణుపు దగ్గర కలుక్కుమనేది. ఆయన పళ్లు బిగించి, కూతురు చూడకుండా వేలు విదిలించుకుని, మళ్లీ గ్రైండరు అందుకునేవారు. చివరికి శుక్రవారం సాయంత్రం వేలు సాఫీగా తిరిగింది, మీసమూ కనపడింది. అమ్మయ్య అనుకుని గుర్తు కొట్టేశారు.

శనివారం పదకొండింటికి వ్యాను వెనక రొట్టెల బరువుకి సరిపడా పిండి బస్తాలు వేసుకుని ముగ్గురూ బయల్దేరారు. చదును రోడ్డు మీద బండి దూసుకుపోయింది. బావమరిది ఆనందం పట్టలేక స్టీరింగు వదిలేసి బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ముందు స్టీరింగు పట్టుకోరా బాబూ! చెయ్యి ఇంటికెళ్లాక ఊపుదువు గాని!"

"ఏం వేలు బావా నీది! ఏం వేలు!"

కొండ మొదలైంది. మేస్త్రీ గారు కాలు మీద కాలు వేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరైనా తెలిసినవాళ్లు కనపడితే బాగుండునని కూర్చున్నారు. మొదటి మలుపు తిరిగారు. ఇంజన్ ఒకసారి దగ్గింది. మూడో గేరు రెండుకి వచ్చింది, రెండు ఒకటికి వచ్చింది. సైకిల్ తొక్కుకుంటూ వెళ్తున్న ఒకాయన వ్యానుని దాటిపోయి, వెనక్కి తిరిగి చూశాడు. ఇంతకు ముందు రెండో మలుపు దాకానైనా వచ్చేది. ఇప్పుడు దానికి ఇంకా వంద గజాలు ఉండగానే బండి గొంతు పట్టుకుపోయినట్టు ఆగిపోయింది.

"తొయ్యమంటారా?" అన్నాడు సైకిలాయన పైనుంచి, ఎంతో మర్యాదగా.

మేస్త్రీ గారికి తల కొట్టేసినట్టయింది. దిగి బానెట్ ఎత్తారు. తప్పు కార్బురేటర్‌ది అన్నారు. కాదు, ప్లగ్గులది అన్నారు. పెట్రోలులో కల్తీ ఉందన్నారు. డ్రైవరు సీటులో కూర్చున్న మనిషి రెండు బస్తాల బరువున్నాడన్నారు. సోమవారం గుర్తొచ్చి బావమరిది మొహం మాడిపోయింది. ఆ మొహం చూడలేక మేస్త్రీ గారి నోట అనకూడని మాట వచ్చేసింది.

"సీట్లు ఎవరు కోశారు? అక్కడే ఉంది తిరకాసు. అంతంత వాల్వులు వద్దని నేను ముందే చెప్పాను."

ఆయన చెప్పలేదు. చెప్పలేదని ఆయనకీ తెలుసు, కూతురికీ తెలుసు. ఆ వాల్వులు చూసి శభాష్ అన్నది కూడా ఆయనే. కూతురు తండ్రి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తీసుకొచ్చి, బండి వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టింది.

ఆదివారం పొద్దున్న మేస్త్రీ గారి భార్య ఆయన చొక్కాకి బొత్తాలు పెడుతోంది. నాలుగేళ్లుగా ఆ పని ఆవిడదే. మొదట్లో చొక్కా కొత్తది, కాజాలు బిగుతుగా ఉన్నాయి అని ఆయన వంక పెట్టారు. ఆ తర్వాత చొక్కాలు పాతబడ్డా, వంక చెప్పడం మానేసినా, బొత్తాలు మాత్రం ఆవిడే పెడుతోంది.

"నిన్న అమ్మాయి నోరు విప్పలేదు. ఏమన్నారు దాన్ని?"

"నేనేమంటాను? ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే అది అలా ఉండదు. సరే, మెడ ఎత్తండి."

మేస్త్రీ గారు మెడ ఎత్తారు. భార్య కళ్లలోకి చూడకుండా ఉండడానికి అది బాగానే పనికొచ్చింది.

షెడ్డుకి వెళ్లేసరికి కూతురు లేదు. వ్యాను హెడ్డు మాత్రం ఇంజన్ మీంచి విప్పి ఆయన బల్ల మీద పెట్టి ఉంది. కాసేపటికి పిండి సంచిలో చుట్టిన బరువైన మూటేదో మోసుకుంటూ కూతురూ, వెనకాల రొప్పుతూ బావమరిదీ వచ్చారు.

"ఇదిగో బావా, నా ఓవెన్ తలుపు ఇప్పుడు మూతపడట్లేదు. నీ కూతురు దాని దన్ను ఊడపీక్కొచ్చింది."

సంచి విప్పితే లోపల ఒక పాత హెడ్డు. మసిబారి, పిండి పట్టి ఉంది. బావమరిది మొట్టమొదటి వ్యానుది అది. ఇప్పటి వ్యానూ అదే రకం, ఇంజనూ అదే. ముప్పై ఏళ్ల కిందట ఆ వ్యాను ఇదే కొండని ఇదే బరువుతో పాట పాడుతున్నట్టు ఎక్కేది. రెండు వాల్వుల మధ్య పగులొచ్చి ఆ హెడ్డు ఇంక ఇంజన్‌కి పనికిరాకుండా పోతే, పారెయ్యడం ఇష్టం లేక అతను దాన్ని ఓవెన్ తలుపుకి దన్నుగా పెట్టుకున్నాడు.

"నాన్నా, ఒకసారి ఇందులో వేలు పెట్టి చూడు," అంది కూతురు. నిన్నటి నుంచి ఆయనతో అన్న మొదటి మాట అది.

మేస్త్రీ గారు ఫ్లానెల్ గుడ్డ చుట్టి వేలు పెట్టారు. పోలేదు. గుడ్డ తీసేసి పెట్టారు. కణుపు దగ్గర ఆగిపోయింది. రెండో పోర్టు చూశారు, మూడోది చూశారు. అన్నీ అంతే.

"ఎవడో పని రానివాడు చేశాడు దీన్ని," అన్నారు విసుగ్గా.

కూతురు హెడ్డుని వెనక్కి తిప్పి, మసి తుడిచింది. చిన్న సున్నా కనపడింది. ఒక పక్క అంచు కాస్త విరిగిన సున్నా. ఆ విరిగిన అంచున్న పంచ్ ఇప్పటికీ మేస్త్రీ గారి సొరుగులోనే ఉంది.

మేస్త్రీ గారు గొంతు సవరించుకున్నారు. "ఓవెన్ పక్కన పెట్టాడు కదా. వేడికి లోహం కుంచించుకుపోయింది."

"వేడికి కుంచించుకుపోతుందా? నాకు అలా నేర్పలేదే నువ్వు!"

"ముప్పై ఏళ్లు అదే ఓవెన్ పక్కన నేనూ ఉన్నాను బావా," అన్నాడు బావమరిది పొట్ట నిమురుకుంటూ. "ఉబ్బానే గానీ తగ్గలేదు."

కూతురు వెర్నియర్ తీసింది. పాత హెడ్డు పోర్టు ఇరవై ఆరు మిల్లీమీటర్లు. బల్ల మీదున్న వ్యాను హెడ్డుది ఇరవై తొమ్మిదిన్నర. ఆవిడ అంకెలు రెండూ చదివి ఊరుకుంది. వెర్నియర్‌ని తండ్రి వేలి దగ్గరికి తీసుకెళ్లలేదు. ఆ అవసరం కూడా లేకపోయింది. మేస్త్రీ గారు తన బొటనవేలిని కిటికీ వెలుగులో పెట్టి, ఎవరి వేలో చూస్తున్నట్టు చూసుకుంటున్నారు. కణుపు దగ్గర వాచి, గోళీ మింగినట్టు ఉంది. అది నిన్నా మొన్నా వాచింది కాదు. ఏడాదికింత చొప్పున వేలు లావెక్కుతూ వచ్చింది, పోర్టులు కూడా దాని వెనకాలే వెడల్పవుతూ వచ్చాయి. పనితనం పెరుగుతోందని ఆయన మురిసిపోయారు. పెరిగింది కణుపు.

తలుపు దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ భార్య మెల్లగా అంది. "నాలుగేళ్ల నుంచి ఆ బొత్తాలు నేనెందుకు పెడుతున్నాననుకున్నారండీ?"

మేస్త్రీ గారికి ఏడుపొచ్చినంత పనైంది. సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువ భయమేసింది. నలభై ఏళ్లు ఆ వేలిని నమ్ముకుని బతికిన మనిషి. అది అబద్ధం చెబితే ఇంక తన దగ్గర ఏముందని దిగులు పట్టుకుంది. బావమరిది ఒక్కడే ఆ దిగులు కనిపెట్టినట్టున్నాడు.

"బావా, రెండో మలుపు దగ్గర బండి ఆగితే వేలు కోసి ఇస్తానన్నావు. ఇప్పుడు ఇస్తానన్నా నేను తీసుకోను. అంత లావుది నా పెట్టెలో పట్టదు."

నలుగురూ నవ్వారు. మేస్త్రీ గారు అందరికన్నా ఆలస్యంగా నవ్వారు గానీ, నవ్వారు. నవ్వాక లేచి కూతురి బల్ల దగ్గరికి వెళ్లారు.

"అమ్మలూ, నిన్న కొండ మీద..."

"పోనీలే నాన్నా."

"పోనీలే అంటే కుదరదు. మీ మావయ్య ముందు అన్నాను, మీ మావయ్య ముందే చెప్పాలి. నీ సీట్లలో ఏ వంకా లేదు. ఆ వాల్వులు వద్దని నేను చెప్పనూ లేదు. పరువు పోతుందని నీ మీదికి నెట్టేశాను. తప్పు నాది."

కూతురు వెర్నియర్‌ని ఏప్రను జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది, రెండుసార్లూ అది జేబు పక్కనుంచి జారింది. అది చూసి వాళ్లమ్మ టీ గ్లాసు చేతికిచ్చి కూచోబెట్టింది.

టీ తాగాక బావమరిది అందరికీ ఉన్న అనుమానమే అడిగాడు. "అర్థమయ్యేలా చెప్పమ్మాయ్. దారి వెడల్పయితే గాలి ఎక్కువ పోవాలి కదా, బండి ఎందుకు చతికిలబడింది?"

"మొక్కలకి నీళ్లు పట్టేటప్పుడు గొట్టం మూతి నొక్కితే నీళ్లు ఎంత దూరం కొడతాయి మావయ్యా? వదిలేస్తే మన కాళ్ల మీదే పడతాయి. చదును రోడ్డు మీద ఇంజన్ గబగబా తిరుగుతుంది కాబట్టి ఎంత వెడల్పున్నా లాక్కుంటుంది. అందుకే నిన్న అక్కడ ఎగిరిపోయాం. కొండ మీద ఇంజన్ మెల్లగా తిరుగుతుంది. అంత వెడల్పు దారిలో గాలి షికారుకి వచ్చినట్టు నడుస్తుంది. పెట్రోలు దాంట్లో కలవకుండా ఆ అద్దం లాంటి గోడలకి అంటుకుని కారిపోతుంది. తలుపు పెద్దది ఉండచ్చు. దారి మాత్రం బిగువుగా ఉండాలి."

"సరే, అరగదీసిందాన్ని మళ్లీ ఎలా అంటిస్తాం?" అన్నారు మేస్త్రీ గారు. "ఇంత పాత రకం హెడ్డు కొత్తది దొరకాలంటే నెల పడుతుంది. ఇవాళ ఆదివారం కూడాను."

"అంటిద్దాం నాన్నా. పెట్రోలుకీ వేడికీ తట్టుకునే పుట్టీ ఉంది కదా, పగుళ్లకి వాడేది. పోర్టు అడుగున, గోడలకి పట్టించి, గట్టిపడ్డాక మళ్లీ ఇరవై ఆరుకి అరగదీద్దాం. కాకపోతే..." కూతురు ఆగింది. "అద్దం మీద పుట్టీ నిలవదు. ముందు ఆ పాలిషంతా గరుకు ఆకురాయితో గీకెయ్యాలి. నేను గీకుతాలే."

"నువ్వొద్దు," అన్నారు మేస్త్రీ గారు. "నా మీసం అందులో ఉంది. నేనే గీక్కుంటా."

మొదటి గీత పడ్డప్పుడు ఆయన కళ్లు మూసుకున్నారు. ఆకురాయి పిడికిలిలో పట్టుకునే పనే కాబట్టి బొటనవేలు పెద్దగా సతాయించలేదు. రెండో పోర్టు అయ్యేసరికి కళ్లు తెరిచే గీకారు. నాలుగోదానికి వచ్చేసరికి ఈల కూడా వేశారు.

ఈలోగా కొలత సంగతి వచ్చింది. కూతురు తన బొటనవేలికి గుడ్డ ఒక చుట్టు చుట్టి పాత హెడ్డులో పెట్టి తిప్పింది. గిర్రున తిరిగింది. మేస్త్రీ గారి మొహం వెలిగిపోయింది.

"అచ్చం నా వేలే! ఇంక రేపటి నుంచి నీ వేలే మన షెడ్డుకి కొలత."

"నా వేలు మాత్రం లావెక్కదా నాన్నా? ఇంకో ముప్పై ఏళ్లకి నా బొత్తాలు ఎవరు పెడతారు?"

ఆవిడ ఒక ఇత్తడి కడ్డీ ముక్క తీసి లేతు మీద బిగించింది. వెర్నియర్ పెట్టి చూసుకుంటూ, పాత పోర్టులో గుడ్డతో సహా సాఫీగా తిరిగేంత మందానికి దాన్ని చెక్కింది. కొన గుండ్రంగా చేసింది. చల్లారాక తండ్రి అరచేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ల కిందటి బొటనవేలు, ఇత్తడిది.

"గోరు ఏదమ్మాయ్? గోరు లేని వేలేమిటి?" అన్నాడు బావమరిది. కూతురు ఆకురాయితో గోరు కూడా గీసింది.

పుట్టీ గట్టిపడడానికి సన్నని వేడి కావాలి. దానికి బావమరిది ఓవెన్ కన్నా మంచిదేముంది! హెడ్డుని రొట్టెల పళ్లెంలో పెట్టి నలుగురూ బేకరీకి ఊరేగింపుగా వెళ్లారు. జీవితంలో మొదటిసారి తన ఓవెన్‌లో ఇంజన్ ముక్క చూస్తున్న బావమరిది చేతులు నలుపుకుంటూ ఒక చోట నిలవలేదు.

"ఎంతసేపు కాల్చాలి?"

"రెండు గంటలు మావయ్యా, సన్నని సెగ మీద."

"పైన గుడ్డు సొన రాయాలా? పొంగుతుందా?"

"పొంగిందంటే నిన్ను తీసుకెళ్లి పోర్టులో కుక్కుతా," అన్నారు మేస్త్రీ గారు.

పొంగలేదు. మధ్యాహ్నానికల్లా హెడ్డు తిరిగి షెడ్డుకి వచ్చింది. మేస్త్రీ గారు గ్రైండరు పట్టుకున్నారు. కూతురు ఇత్తడి వేలు పట్టుకుంది. ఆయన కాస్త అరగదీయడం, ఆవిడ గుడ్డ చుట్టిన ఇత్తడి వేలు దూర్చి "ఇంకా" అనడం, ఆయన మళ్లీ అరగదీయడం. పన్నెండేళ్లలో ఒకే బల్ల మీద ఇద్దరూ పనిచెయ్యడం అదే మొదలు. ఇత్తడి వేలు తిరగ్గానే "చాలు" అంది కూతురు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పాలిషు గుడ్డ మీదికి వెళ్లింది. కూతురు దాన్ని తీసి తన వెనక దాచేసింది. పైపైన సన్న గరుకు ఉంటేనే పెట్రోలు గోడకి అంటుకోకుండా గాలిలో కలుస్తుందట. మేస్త్రీ గారు మీసాన్ని చూసుకోకుండానే దువ్వుకుని, శుక్రవారం కొట్టిన సున్నా పక్కన ఇంకో సున్నాకి చోటు చూపించి పంచ్ కూతురి చేతికిచ్చారు.

"నువ్వు కొట్టు."

దీపాలు వెలిగే వేళకి హెడ్డు ఇంజన్ మీద కూర్చుంది.

సోమవారం ఆరున్నరకి వ్యాను నిండా రొట్టెలు. ఈసారి మేస్త్రీ గారు కాలు మీద కాలు వేసుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఇత్తడి వేలు పిడికిట్లో బిగించి, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా కూర్చున్నారు. చదును రోడ్డు మీద బండి శనివారమంత దూకుడుగా పోలేదు. ఆయన చెవులు ఇంజన్ చప్పుడు మీదే ఉంచారు. కొండ మొదలైంది. మూడో గేరు. మొదటి మలుపు తిరిగింది, ఇంజన్ దగ్గలేదు. శనివారం ఆగిన చోటు దాటింది. రెండో మలుపులో బావమరిది చెయ్యి అలవాటు ప్రకారం గేరు రాడ్ మీదికి వెళ్లింది.

"తియ్యి చెయ్యి," అంది వెనకనుంచి కూతురు.

చెయ్యి తీశాడు. మూడో గేరులోనే బండి మలుపు తిరిగి పైకి సాగింది. ఇంజన్ గొంతు మారలేదు. ముందు సైకిలాయన కనపడ్డాడు. బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా, "తొయ్యమంటారా?" అని అడిగి ముందుకెళ్లిపోయాడు. మేస్త్రీ గారు నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు, రెండూ ఒకేసారి చేస్తున్నారు.

ఏడుకి పది నిమిషాలు ఉండగా రొట్టెలు వంటశాల బల్ల మీదికి చేరాయి. పెద్దావిడ గడియారం చూసింది. ఒక రొట్టె విరిచింది. ఆవిరి వచ్చింది. "రేపు కూడా ఇదే వేళకి," అని లోపలికి వెళ్లిపోయింది. అంతే. బావమరిదికి అది చాలు. అక్కడున్న వంటవాళ్లందరికీ వినపడేలా అరిచాడు.

"అంతా మా బావ బొటనవేలి మహిమ!"

నలభై ఏళ్లుగా ఆ మాట వింటే మేస్త్రీ గారి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది. ఇవాళ పోలేదు. పిడికిలి విప్పి ఇత్తడి వేలు చూపించారు.

"ఇదిరా ఆ వేలు. నా చేతిది కాదు. మా అమ్మాయి చేసింది, మా అమ్మాయే పెట్టి చూసింది."

కూతురు రొట్టెల పెట్టెలు దింపుతూ తల తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

షెడ్డుకి తిరిగొచ్చాక మేస్త్రీ గారు టీ కూడా తాగకుండా పాత పుస్తకం ఒకటి తీసి, నాలుగేళ్లలో తను పోర్టులు వెడల్పు చేసిన హెడ్డులన్నీ కూతురి చేత రాయించారు. ఇరవై మూడు తేలాయి.

"ఒక్కరైనా వచ్చి బాగోలేదని చెప్పలేదే నాన్నా," అంది కూతురు.

"అదే నాకు అర్థం కావట్లేదు. మొదటిది ఎవరిది?"

"లాండ్రీ ఆయనది. ఆసుపత్రి దుప్పట్లు తెచ్చే వ్యాను."

మేస్త్రీ గారు ఫోను చేశారు. లాండ్రీ ఆయన గొంతు వినగానే, వ్యాను కొండ ఎలా ఎక్కుతోందని అడిగారు.

"ఎక్కట్లేదండీ," అన్నాడాయన నొచ్చుకుంటూ. "రెండేళ్లుగా వెనక దారిన చుట్టూ తిరిగి వెళ్తున్నాను. మీరు చేసిన హెడ్డు కదా, దానికి వంక ఎక్కడ పెడతాం? బండికే వయసైపోయిందనుకున్నాను."

మేస్త్రీ గారు ఫోను ఎడమచేతిలోకి మార్చుకున్నారు. కుడిచేతి బొటనవేలిని చూసుకున్నారు. దాని మీద ఇంకా కాస్త పుట్టీ అంటి ఉంది.

"బండికి కాదండీ," అన్నారు చివరికి. "వయసైంది నా వేలికి. మీ బండి రేపు తీసుకురండి, ఇక్కడ కుర్ర వేలు ఒకటి వచ్చింది."

అవతల లాండ్రీ ఆయన ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. మేస్త్రీ గారు కూడా నవ్వి, రెండో పేరు చదవమని కూతురికి చెప్పారు.